రెక్కలు వచ్చుట అనగా నేమి? - ఒక ఆంగ్ల పదము, సరూర్‌నగర చరిత్ర

మన వాడుకలో ఒక ఆంగ్ల విశేషణము బాగుగా పాతుకొని పోయినది. అది ‘ఫుల్ ఫ్లెడ్జ్‌డ్’ అను మాట. దిల్‌సుఖ్‌నగరులో క్రొత్తగా బట్టల దుకాణము తెరచిన వర్తకుడు, అలమరలు ఇంకను నిండలేదనుటకు ‘ఇంకా ఫుల్ ఫ్లెడ్జ్‌డ్‌గా మొదలు కాలేదండీ’ అనును. ఇన్‌ఛార్జి అధికారితో నెట్టుకొని వచ్చు కచేరీలో, ‘ఫుల్ ఫ్లెడ్జ్‌డ్ ఆఫీసరు’ ఎప్పుడు వచ్చునని సిబ్బంది అడుగుచుందురు. పత్రికలవారు దీనిని ‘పూర్తిస్థాయి’ అని తెనిగించి, పూర్తిస్థాయి కమిషనరు, పూర్తిస్థాయి బడ్జెట్టు, పూర్తిస్థాయి రాష్ట్రము అని వ్రాయుచున్నారు. వినునప్పుడు అర్థము తెలిసినట్లే ఉండును. కాని ఏది పూర్తియైనచో ఆ మాట చెల్లును, దానిని నిర్ణయించువారెవరు అని అడిగినచో సమాధానము అంత సులువుగా రాదు.

అందుచేత ఈ ప్రసంగములో ఆ మాట పుట్టుకను కొంత చెప్పి, తరువాత దానిని ఒక ఊరి చరిత్ర మీద పెట్టి చూడదలచినాము. ఆ ఊరు హైదరాబాదునకు తూర్పున నున్న సరూర్‌నగరము. కోటలకును యుద్ధములకును పేరుపడిన చోటు కాదది. అయినను ఒక అనాథ శరణాలయము, ఒక రేడియో ప్రసార యంత్రము, ఒక పురపాలక సంఘము - ఈ మూడును ఆ నేలమీదనే పెరిగినవి. ఏది ఎంతవరకు ఎగిరినదో చూచినచో ఈ విశేషణము విలువ నిఘంటువులో కంటె బాగుగా తెలియును. వానిలో రెండవది రేడియో పెట్టె ఉన్న ప్రతి యింటికిని చుట్టమే.

ముందుగా మాట సంగతి. ‘ఫ్లెడ్జ్’ అనునది ఇంగ్లీషులో చాల పాతది. ఎగురుట అను అర్థము గల ‘ఫ్లై’తో దానికి చుట్టరికము. జర్మను భాషలో ఎగురుటకు సిద్ధమైన పక్షిపిల్లను నేటికిని ‘ఫ్ల్యుగ్గె’ అను విశేషణముతో చెప్పుదురు. రెండును ఒకే వేరునుండి పుట్టినవి. ఇంగ్లీషులో మొదట అది ‘ఎగురగల’ అను అర్థమున విశేషణముగా నుండి, పిమ్మట ‘ఈకలు మొలచుట’ అను క్రియగా మారినది. బాణములకు ఈకలు కట్టువానిని ‘ఫ్లెచర్’ అందురు గనుక ఆ మాటయు దీని తోబుట్టువే యని చాలమంది అనుకొందురు. కాని అది బాణమునకు ఫ్రెంచివారు చెప్పు ‘ఫ్లెష్’ నుండి వచ్చినది.  ఈకలు రాని వానిని ‘అన్‌ఫ్లెడ్జ్‌డ్’ అనుటయు పాత వాడుకయే. షేక్స్‌పియరు తన హామ్లెట్ నాటకమున, ప్రపంచము తెలియని క్రొత్త స్నేహితులను గూర్చి ఒక తండ్రి కొడుకును హెచ్చరించు సందర్భములో ఈ మాటను వాడినాడు. ‘ఫుల్ ఫ్లెడ్జ్‌డ్’ అనగా, కావున, ఈకలు పూర్తిగా నిండినది. ఇంగ్లండు వారు ‘ఫుల్లీ ఫ్లెడ్జ్‌డ్’ అనుటకు మొగ్గుదురు. అమెరికావారు ‘ఫుల్ ఫ్లెడ్జ్‌డ్’ అందురు. రెండును సాధువులే. మనలో కొందరు ‘ఫుల్ ఫ్లెడ్జ్’ అని కొస తెగగొట్టి పలుకుదురు. అది మాత్రము సాధువు కాదు. తోక తెగిన పక్షి వంటిది.

పక్షి సంగతి కొంచెము నిలిచి చూడవలసినదే. మన చూరులలో గూడు కట్టు పిచ్చుకనే తీసికొందము. గ్రుడ్డు పగిలి వచ్చిన పిల్లకు ఒంటిమీద ఈక ఉండదు, కన్ను తెరవదు. సుమారు రెండు వారములలో రెక్కల ఈకలు సన్నని గొట్టములనుండి విచ్చుకొనును. అప్పుడు అది గూడు విడుచును. అయితే గూడు విడిచిన దినముననే దాని కష్టములు తీరవు. మరి కొన్ని దినములు తల్లిదండ్రులు దాని వెంట తిరిగి నోటికి పురుగులు అందించుచునే యుందురు. ఈకలు నిండుట వేరు, తిండి తాను వెదకికొనుట వేరు. ఆంగ్లేయుడు ఈ మాటను పుట్టించినప్పుడు మొదటి దానినే చూచి పేరు పెట్టినాడు. ఈ సూక్ష్మము ముందు మనకు అక్కరకు వచ్చును.

సంపూర్ణమైన ఎదుగుదలను చెప్పుటకు ఇంగ్లీషులో ఇంకను రెండు విశేషణములు బహుళముగా వాడుకలో ఉన్నవి. ‘మెచ్యూర్’ అనునది లాటినులో పండినది అను మాట. ‘డెవలప్‌డ్’ అనునది ఫ్రెంచి భాషలో చుట్టిన మూటను విప్పుట అను మాటనుండి వచ్చినది. పండు చెట్టున ఉండియే పండును. మూటను ఎవరో ఒకరు విప్పవలెను. పక్షి మాత్రము తానే దుమకవలెను. ఈ మూడింటిని ఒకదాని బదులు మరొకటి వాడుటవలన మన వ్రాతలలో కొంత కలవరము కలుగుచున్నది. ఆలోచన ముదిరిన మనిషిని ‘మెచ్యూర్’ అనవలెనే గాని ‘ఫుల్ ఫ్లెడ్జ్‌డ్’ అనరాదు. నిన్నటివరకు మరియొకరి నీడనుండి, నేడు తన పేరున తాను పని చేయు సంస్థకు, వృత్తిలో శిక్షణ ముగించి పట్టా పొందిన వైద్యునికి, న్యాయవాదికి ఈ మాట సరిగా అతుకును.

తెలుగులో దీనికి సాటి యేది? ‘రెక్కలు వచ్చిన’ అని ముక్కకు ముక్క చెప్పినచో నవ్వులపాలగును. మన యిండ్లలో ‘వాడికి రెక్కలు వచ్చినవి’ అన్నచో అది మెప్పు కాదు, నిష్ఠురము. చెప్పిన మాట వినుట మానినాడని అర్థము. ఎదిగిన కొడుకును మెచ్చుకొనునప్పుడు మనవారు ‘చేతికి అంది వచ్చినాడు’ అందురు. ఆంగ్లేయుడు ఎదుగుదలను గూడు విడుచుటతో కొలిచినాడు. మనము ఇంటికి ఆసరాయగుటతో కొలిచినాము. ఇది రెండు సంసారముల తీరు. అయితే మన భాషలో మరియొక సొగసు ఉన్నది. రెక్క అనగా పక్షికి రెక్కయే గాక మనిషికి భుజము కూడ. ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అను సామెతలోని రెక్క ఎగురునది కాదు, పనిచేయునది. తెలుగువానికి రెక్కలు వచ్చుట అనగా తన కష్టము మీద తాను బ్రతుకుట. ఆంగ్లపదములో లేని షరతును మన మాట కలుపుచున్నది. పక్షిని గూర్చి మనము పైన వేరుచేసి చూచిన రెండు దశలలో రెండవది ఇదియే.

‘పూర్తిస్థాయి’ అను మాటలో ఈ రెండును లేవు. స్థాయి అనగా మెట్టు. మెట్టు ఎవరైనను ఎక్కింపవచ్చును, దింపవచ్చును. ఒక ఉత్తర్వు చాలును.

ఇక సరూర్‌నగరమునకు వత్తము. సురూర్ అనగా పారసీ భాషలో ఆనందము. రెండవ నిజాము అయిన నిజాం అలీఖాన్ వద్ద ప్రధానిగా నుండి 1804 లో మరణించిన అరిస్తూజా, తన భార్య సురూర్ అఫ్జా పేరుమీద ఈ ఊరిని వెలయించినాడని చెప్పుదురు. అరిస్తూజా అనునది బిరుదము. అరిస్టాటిల్ అంతటి ఘనుడు అని దాని భావము. ఊరికి ఆ పేరు రాకపూర్వమే అచ్చట చెరువు ఉన్నది. అది పదునేడవ శతాబ్దపు తొలి భాగమున, కుతుబ్‌షాహీల నాడు త్రవ్వబడినది. తోటలు, వేటమైదానములు, విడిది భవనములు - ఇదియే చాలకాలము వరకు సరూర్‌నగరము. హైదరాబాదు చుట్టునున్న అత్రాఫె బల్దా అను ప్రాంతము నిజాము సొంత జాగీరైన సర్ఫెఖాసులో చేరినది. అనగా అచ్చటి శిస్తు రాజ్యపు బొక్కసమునకు గాక ప్రభువు ఇంటిఖర్చునకు పోవుచుండెను. అట్టి చోట ఊరు తన కాళ్లమీద తాను నిలుచుట అను ప్రశ్నయే పుట్టదు.

1901 లో విక్టోరియా రాణి మరణించిన పిమ్మట, ఆమె జ్ఞాపకార్థము ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలములో ఇచ్చటి రాజభవనము అనాథ శరణాలయమునకు ఈయబడినది. అదియే విక్టోరియా మెమోరియల్ హోము. దిక్కులేని పిల్లలను చేరదీసి, తిండి పెట్టి, చదువును పనిని నేర్పి పంపుట దాని ధర్మము. ఒక మహారాజు విలాసము కొరకు కట్టిన గోడల నడుమ, ఒక్క చొక్కాతో వచ్చిన పిల్లవాడు పెరిగి పెద్దవాడై వెళ్లుటను మించిన ‘ఫుల్ ఫ్లెడ్జింగ్’ ఏమున్నది? తల్లిదండ్రులు లేని పిల్లవానికి ‘చేతికి అంది వచ్చుట’ అను మాట వర్తింపదు. అందుకొనుటకు చేతులు లేవు. అతనికి ఆంగ్లేయుని కొలతయే గతి - గేటు దాటిన దినము. ఆ దినమున అతని చేతిలో ఏ విద్య యున్నది అను దానిమీదనే అతని తక్కిన జీవితము నడచును. 2018 సెప్టెంబరు 24 న అమీర్‌పేట - ఎల్.బి.నగరు మెట్రో మార్గము తెరచినప్పుడు ఆ హోము పేరు ఒక స్టేషనుకు నిలిచినది. రైలులో పోవువారిలో ఎందరో దానిని ఏదో స్మారక స్తంభమనుకొందురు.

శ్రోతలకు మిక్కిలి దగ్గరిదని చెప్పిన రేడియో కథ ఇప్పుడు. హైదరాబాదు సంస్థానములో రేడియోకు ఆద్యుడు తపాలాశాఖలో పనిచేసిన మహబూబ్ అలీ అను ఉత్సాహవంతుడు. 1935 ఫిబ్రవరి 3 న దక్కన్ రేడియో ప్రసారములు మొదలైనప్పుడు యంత్రము శక్తి 200 వాట్లు. నేడు మన వంటయింటిలోని మిక్సీ కూడ ఇంతకు రెండు మూడు రెట్లు కరెంటును తినును. అంత చిన్న యంత్రముతో వచ్చు ధ్వని నగరమును, పరిసరములను దాటి స్పష్టముగా పోవుట కష్టము. వరంగల్లులోనో, గుల్బర్గాలోనో ఉన్న శ్రోతకు ఆ కేంద్రము పేరే గాని మాట లేదు. గూటిలో కిచకిచలాడు పిల్ల వంటి దన్నమాట. బ్రిటిషు ఇండియాలో 1936 జూన్ 8 న ఆలిండియా రేడియో అను పేరు వచ్చినది. 1938 జూన్ 16 న మద్రాసు కేంద్రము తెరవబడినది. సంస్థానపు కేంద్రము వెనుకబడి యుండుట నిజాము ప్రభుత్వమునకు రుచింపలేదు.

1939 లో సరూర్‌నగరమున 5 కిలోవాట్ల ప్రసార యంత్రము నెలకొల్పబడినది. స్టూడియో నగరములో, యంత్రము ఊరి వెలుపల. ఇట్లు వేరుచేయుట రేడియో ఇంజనీర్ల పద్ధతి. మధ్యతరంగ ప్రసారమునకు ఎత్తైన స్తంభము కావలెను. దాని అడుగున చాల దూరము వరకు రాగితీగలను భూమిలో పరచవలెను. తేమ నిలుచు నేల అయినచో తరంగము నేలను పట్టుకొని మరింత దూరము పోవును. ఎండిన రాతినేల దానిని మింగివేయును. ఇండ్లు లేని విశాలమైన మైదానము, పక్కన చెరువు - సరూర్‌నగరములో ఈ రెండును ఉండెను.

ఒక సంగతి ఇచ్చట చెప్పవలెను. 200 వాట్లనుండి 5 కిలోవాట్లనగా శక్తి 25 రెట్లు. అయినంత మాత్రమున ధ్వని 25 రెట్ల దూరము పోవునని అనుకొనరాదు. ఒక చోటికి చేరు తరంగపు బలము, పంపిన శక్తికి వర్గమూలమును అనుసరించి పెరుగును. కావున శ్రోత యింటి ఏరియలు మీద పడు బలము 5 రెట్లు పెరిగినది. అదియే చాలును. గురగురలో మునిగిపోవు మాట పైకి తేలుటకు 5 రెట్లు ఎంతో ఎక్కువ. రాత్రివేళ ఆకాశమందలి పై పొరలు మధ్యతరంగములను క్రిందికి వంచి పంపును గనుక, చీకటి పడిన పిమ్మట సరూర్‌నగరపు ధ్వని సంస్థానపు సరిహద్దులను కూడ దాటెను. ఆ యేటితో దక్కన్ రేడియో యంత్రము మాట వరకు నిజముగా ‘ఫుల్ ఫ్లెడ్జ్‌డ్’ అయినది. ఈ విశేషణమును ఇంత కచ్చితముగా అన్వయింపగల సందర్భము ఆ ఊరి చరిత్రలో మరియొకటి లేదని మా అభిప్రాయము. ఈక ఎంత పెరిగినదో మీటరు చెప్పినది.

కాని ఎవరి మాటకు రెక్కలు వచ్చినవి? సంస్థానపు జనములో దాదాపు సగము మంది తెలుగువారు. మరాఠీవారు, కన్నడిగులు లక్షల కొలది ఉండిరి. కేంద్రములో అగ్రతాంబూలము ఉర్దూకు. తెలుగు, మరాఠీ, కన్నడములకు దినములో కొద్ది వేళ. ఉర్దూ కార్యక్రమముల నాణ్యతను మేము తక్కువ చేయుట లేదు. గజళ్లకు, ముషాయిరాలకు, నాటకములకు ఆ కేంద్రము గొప్ప వేదికయైనది. కాని నల్లగొండలో రేడియో ముందు కూర్చున్న తెలుగువానికి యంత్రపు శక్తి 5 కిలోవాట్లయినను తన భాష వరకు ఆ కేంద్రము 200 వాట్ల నాటిదే. తెలుగులో నిండైన కార్యక్రమము వినదలచినచో మద్రాసు వైపు ముల్లు త్రిప్పవలసి వచ్చెను. యంత్రము ఎదుగుట, కేంద్రము ఎదుగుట ఒకటి కావు.

1948 సెప్టెంబరు 13 న భారత సైన్యములు సంస్థానములో ప్రవేశించినవి. 17 వ తేదీన, తన సైన్యము పోరు విరమించినదని నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ దక్కన్ రేడియో ద్వారా ప్రకటించెను. ఏ రాజ్యము గొంతు దూరము పోవలెనని ఆ స్తంభము నాటబడినదో ఆ రాజ్యము ముగిసినదను వార్తను కూడ ఆ రేడియోయే మోసినది. అదే సంవత్సరము డిసెంబరు 1 న విజయవాడ కేంద్రము తెరవబడి, తెలుగు శ్రోతకు మద్రాసు కంటె దగ్గరి గొంతు దొరికినది. 1950 ఏప్రిల్ 1 న హైదరాబాదు, ఔరంగాబాదు కేంద్రములను ఆలిండియా రేడియో స్వీకరించినది. హైదరాబాదు కేంద్రములో తెలుగు కార్యక్రమములు నిండుగా పెరిగినది ఆ తరువాతనే. అనగా కేంద్రము తన స్వతంత్రతను పోగొట్టుకొన్న పిమ్మట తెలుగువానికి చేతికి అంది వచ్చినది. ఆంగ్లపదము కొలత ప్రకారము అది గూటికి తిరిగి చేరుట. మన కొలత ప్రకారము ఎదుగుట. ఈ రెండు కొలతలు ఎంత దూరముగా పోగలవో దీనిని మించి చెప్పు ఉదాహరణ మాకు తోచలేదు.

రేడియో వలెనే రాష్ట్రము. 1950 జనవరి 26 న రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడు హైదరాబాదు రాష్ట్రమైనది గాని ‘బి’ భాగములోని రాష్ట్రమైనది. మద్రాసు, బొంబాయి మొదలైనవి ‘ఎ’ భాగములోనివి, వానికి గవర్నర్లు. మనకు రాజప్రముఖుడు, ఆ పదవిలో నిజామే. ఆనాటి రాజ్యాంగపు 371 వ అధికరణము ప్రకారము ‘బి’ భాగపు ప్రభుత్వములు 10 సంవత్సరములు రాష్ట్రపతి సాధారణ అదుపులో ఉండి, ఆయన ఆదేశములను పాటింపవలెను. 1952 మార్చి 6 న బూర్గుల రామకృష్ణారావుగారు ఎన్నికైన ప్రభుత్వమునకు ముఖ్యమంత్రియైన పిమ్మటను ఆ నిబంధన పోలేదు. ఎన్నికలు, శాసనసభ, మంత్రివర్గము - ఈకలన్నియు ఉన్నవి. తల్లిపక్షి మాత్రము వెంట తిరుగుచునే యున్నది. 1956 నవంబరు 1 న, ఏడవ రాజ్యాంగ సవరణతో ‘ఎ’, ‘బి’ అను తేడాలు తొలగినవి. కాని ఆ దినముననే హైదరాబాదు రాష్ట్రమను పేరును తొలగిపోయినది. తెలంగాణము ఆంధ్రప్రదేశములో చేరినది. మరాఠీ జిల్లాలు బొంబాయికిని, కన్నడ జిల్లాలు మైసూరునకును పోయినవి. పూర్తిస్థాయి హైదరాబాదు రాష్ట్రము ఒక్క దినమైనను లేదు.

సరూర్‌నగరము 1978 లో క్రొత్తగా ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో చేరినది. 1985 లో మండల కేంద్రమైనది. అప్పటికే విజయవాడ రహదారి వెంట కాలనీలు బారులు తీరుచుండెను. 1980 ల దశకములో సరూర్‌నగరమును, చుట్టుపట్ల గ్రామములను కలిపి లాల్ బహదూర్ శాస్త్రి పేరిట ఎల్.బి.నగరు మునిసిపాలిటీ ఏర్పడినది. దిల్‌సుఖ్‌నగరు ప్రక్కన గడ్డిఅన్నారము వేరుగా మునిసిపాలిటీ యైనది. గ్రామ పంచాయతీ మెట్టునుండి పురపాలక సంఘపు మెట్టునకు ఎక్కినారు. 2001 జనగణన నాటికి ఎల్.బి.నగరు జనాభా 2,50,000 దాటినది. ఇది అనేక జిల్లా కేంద్రముల కంటె పెద్ద ఊరు.

అది పూర్తిస్థాయి మునిసిపాలిటీయేనా? ఈ ప్రశ్నకు కొలబద్ద 1992 నాటి 74 వ రాజ్యాంగ సవరణలో ఉన్నది. పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములను పన్నెండవ షెడ్యూలు పేర్కొన్నది. మొదటిదే పట్టణ ప్రణాళిక. ఆ పని ఇచ్చట 1975 లో ఏర్పడిన హుడా చేతిలో ఉండెను. త్రాగునీరు మరియొకటి. 2004 లో కృష్ణా జలములు నాగార్జునసాగరు నుండి ఎల్.బి.నగరు ప్రక్కన నున్న సాహెబ్‌నగరు మీదుగానే మహానగరములోనికి వచ్చినవి. ఆ నీటిని ఏ వాడకు ఎంత పంపవలెనో నిర్ణయించునది జలమండలి. పురపాలక సంఘమునకు మిగిలినవి ప్రధానముగా ఇంటిపన్ను, చెత్త, వీధిదీపములు, మురుగుకాలువలు. ఒక్కొక్క ఈకకు ఒక్కొక్క యజమాని. ఇట్టి పక్షి ఎగురలేదని నిందించుట న్యాయము కాదు.

2007 ఏప్రిల్ 16 న ఎల్.బి.నగరు, గడ్డిఅన్నారములతో సహా 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసి మహానగర పాలక సంస్థ యైనవి. ఆనాడు దీనిని హోదా పెరుగుటగా చెప్పినారు. పన్ను పెరుగునని కొందరు భయపడినారు. రెండును కొంత నిజమే. మాకు ముఖ్యముగా తోచునది మరియొకటి. క్రొత్త సంస్థకు తొలి ఎన్నికలు 2009 నవంబరులో గాని జరుగలేదు. రెండున్నర సంవత్సరములు సరూర్‌నగరపు వీధికి ఎన్నికైన ప్రతినిధి లేడు. మోరీ పొంగినచో ఏ గుమ్మము తట్టవలెనో తెలియక జనము అధికారుల కచేరీల చుట్టు తిరిగిరి. స్థాయి పెరిగినది, చేతికి అందునది లేకపోయెను. 2009 లో 150 వార్డులకు ఎన్నికలు జరిగి సభ కూర్చున్నప్పుడు గాని ఆ లోటు తీరలేదు.

ఇంతలో మూడవ విశేషణము ఊరిని పట్టుకొనినది. స్థలములమ్మువారి ప్రకటనలలో ‘ఫుల్లీ డెవలప్‌డ్ ఏరియా’ అను మాట లేనిది కనబడదు. మూట పూర్తిగా విప్పబడినదని దాని ధాత్వర్థము. రోడ్డు, కరెంటు, బడి, ఆసుపత్రి, ఇప్పుడు మెట్రో - అన్నియు ఉన్నవని కొనువాడు గ్రహించును. ఖాళీస్థలము మిగులలేదని కూడ దానిలో ఉన్నది. దానిని ఎవరును పెద్ద అక్షరములతో వేయరు. పైనున్న చెరువులు నిండి పారునీరు క్రింది చెరువునకు చేరుటకు నాలాలు, పల్లపు నేలలు, శిఖము భూములు ఉండెడివి. ఆ పల్లములలో ఇండ్లు లేచినవి. ఒకనాడు రేడియో తరంగమునకు అనువైన తేమనేల ఇప్పుడు ఇంటి పునాదికి శత్రువైనది. 2020 అక్టోబరు వానలలో సరూర్‌నగరు చెరువు చుట్టునున్న కాలనీలు దినముల తరబడి నీట నిలిచినవి. వీధులలో పడవలు తిరిగినవి. చెరువు క్రొత్తగా ఎక్కడికిని పోలేదు, తన పాత చోటికే వచ్చినది. ఇక విప్పుటకు ఏమియు మిగులని మూటను అభివృద్ధి యనవచ్చునా అని అడుగు హక్కు అచ్చట మేడమెట్ల మీద రాత్రులు గడిపిన కుటుంబములకు ఉన్నది.

వ్రాయువారికి ఒక మనవి. ‘పూర్తిస్థాయి’ అని వ్రాయుటకు ముందు, ఏమి వచ్చినదో దానినే చెప్పినచో వాక్యము నిజమగును. పూర్తిస్థాయి ఆసుపత్రి అనుటకంటె, రాత్రివేళ కూడ వైద్యుడుండు ఆసుపత్రి అనుట మేలు. పూర్తిస్థాయి పాలకవర్గము అనుటకంటె, ఎన్నికైన పాలకవర్గము అనుట మేలు. అట్లు చెప్పలేని చోట ఆ విశేషణము దేనినో దాచుచున్నదని అనుమానింపవచ్చును.

మిగిలినది ఒక్క సందేహము. తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2 న ఏర్పడినది. హైకోర్టు మాత్రము రెండు రాష్ట్రములకును ఉమ్మడిగా నడచి, 2019 జనవరి 1 న వేరైనది. హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా నుండు గడువు 2024 జూన్ 2 న తీరినది. ఈ మూడు తేదీలలో ఏది రాష్ట్రము ‘ఫుల్ ఫ్లెడ్జ్‌డ్’ అయిన దినమని మిత్రులు మమ్ము అడిగినారు. న్యాయవాదులు రెండవదానిని, రాజకీయములవారు మూడవదానిని చెప్పవచ్చును. పక్షులను లెక్కించు శాస్త్రజ్ఞులు మాత్రము, పిల్ల గూడు విడిచిన తేదీనే పుస్తకమున వ్రాసికొందురు. ఆ తరువాత ఎన్ని దినములు తల్లి పురుగులు తెచ్చి పెట్టినను ఆ తేదీని మార్చరు.